ఐసులో వెళ్ళిన రక్తం

మా బావ గంగరాజుకి ఈ లోకంలో గట్టి నమ్మకం ఉన్నది ఒక్క ఐసు మీదే. దేవుడికి దణ్ణం పెట్టేవాడు గానీ అది మా అక్క పోరు పడలేక. ఐసు సంగతి అలా కాదు. భీమవరంలో రొయ్యల షెడ్డులో సరుకు సర్దడమంతా ఆయన చేతి మీదే నడిచేది. చెరువు పట్టి రొయ్యల్ని షెడ్డుకి తేగానే ఐసు దిమ్మలు నలగ్గొట్టించి, పెట్టెలో ఒక వరస ఐసు, ఒక వరస రొయ్యలు, మళ్ళీ ఐసు పరిచి, మూత బిగించి లారీ ఎక్కించేవాడు. ఆయన సర్దిన పెట్టె ఎంత దూరం వెళ్ళినా వాసన వచ్చిందన్న మాట ఎవరూ అనలేదు. ఇంట్లో కూడా పాలకీ ఐసే, పువ్వులకీ ఐసే. నా పెళ్ళిలో విడిదింట్లో లడ్డూలు పాడైపోతాయని ఐసు పెట్టెలో పెట్టించి అన్నీ తడిపి ముద్ద చేశాడు. ఆ మాట నేను ఇప్పటికీ ఎత్తుతాను, ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు.

నేను ఆయనకి మరదల్ని. నా పేరు పాపాయి. వాళ్ళ వీధి చివరే నా టైలరింగ్ షాపు. మా అక్క పేరు చిన్నమ్మాయి, పేరుకే చిన్న, మా ఇంటికి పెద్ద కూతురు. బావ వాళ్ళింట్లో ఇంకో మనిషి ఉండేది, సుబ్బాయమ్మక్క. బావకి స్వయానా వదిన. ఆవిడ భర్త చిట్టియ్య గారు, అంటే బావ అన్నయ్య, బీపీ ఎక్కువై తలలో నరం చిట్లి పోయారు. నలభై నిండలేదు. అంతకు ముందు వాళ్ళ నాన్న కూడా అంతేనట, పొలం గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటూ పక్కకి ఒరిగిపోయాడట. ఆ ఇంటి మగవాళ్ళు నలభై దాటరని వాళ్ళ చుట్టాలందరూ మామూలు సంగతిలా చెప్పుకునేవాళ్ళు. సంబంధం కలుపుకునేటప్పుడు మాకు మాత్రం ఒక్కరూ చెప్పలేదు. నాకు ఆ కోపం చాలాకాలం ఉండేది.

బావకి ముప్పై దాటగానే బీపీ బయటపడింది. రెండువేల మూడో సంవత్సరం వచ్చేసరికి రకరకాల మాత్రలు మింగుతున్నాడు, ఉప్పు మానేశాడు, పచ్చడి మానేశాడు, అయినా దిగలేదు. ఆ ఏడాదే ఆయనకి నలభై పడబోతోంది. పైకి నవ్వుతూనే ఉండేవాడు గానీ లోపల ఎంత భయం పెట్టుకున్నాడో చేష్టలు చూస్తే తెలిసిపోయేది. క్షవరం చేయించుకుంటే తల మీద చెయ్యి గట్టిగా వేయనిచ్చేవాడు కాదు. నరసాపురం రేవులో పంటు ఎక్కమంటే, నది మధ్యలో ఏదైనా అయితే ఒడ్డుకి చేర్చేసరికి ఆలస్యమైపోతుందని రోడ్డు మీద చుట్టు తిరిగి వెళ్ళేవాడు. మనతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఎడం చేతి వేళ్ళు ముడిచి విప్పుతూ ఉండేవాడు. చెయ్యి ఇంకా పనిచేస్తోందో లేదో చూసుకోవడమన్నమాట. "ఏంటి బావా, ఎవరికి సైగలు?" అని నేను ఏడిపించేదాన్ని. తర్వాత అసలు కారణం అక్క చెప్పింది. ఆ రోజు నుంచి ఆ విషయంలో ఏడిపించడం మానేశాను.

ఒకరోజు షెడ్డులో ఐసు దిమ్మ తోయబోయి మోకాళ్ళలో పట్టు తప్పి కూలబడ్డాడు. మనుషులు మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. కాసేపటికి లేచి కూర్చుని, ఏం లేదు, నీరసం అన్నాడు. సుబ్బాయమ్మక్క గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, చిట్టియ్య గారికి కూడా పోయే ముందు కాళ్ళు ఇలాగే పట్టు తప్పేవని చెప్పింది. అక్కతో అనొద్దని ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు నేను సాయంత్రం దాకా కూడా ఉంచలేదు. అంత భయం నా ఒక్కదాని కడుపులో పెట్టుకోవడం నా వల్ల కాలేదు.

భీమవరంలో కొత్తగా హాస్పిటల్ పెట్టిన డాక్టర్ మణిశంకర్ గారి దగ్గరికి తీసుకెళ్ళాం. కుర్ర డాక్టరు, మాట నెమ్మది. రక్తంలో పొటాషియం బాగా పడిపోయిందని, కాళ్ళు అందుకే లాగేస్తున్నాయని చెప్పాడు. కొబ్బరినీళ్ళు, అరటిపండు, నోట్లో పోసుకుంటే మొహం వంకర్లు తిరిగే సిరప్ రాశాడు. ఆ తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇది మామూలు బీపీ కాకపోవచ్చు అన్నాడు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతవరకూ ఇదీ. కిడ్నీల మీద చిన్న చిన్న గ్రంథులు ఉంటాయట. ఒంట్లో ఉప్పుని పట్టి ఉంచే హార్మోను ఒకటి అక్కడ తయారవుతుంది. ఎంత తయారు చెయ్యాలో కిడ్నీ ఇంకో హార్మోనుతో కబురు పెడుతుంది. దాని పేరు రెనిన్. కిడ్నీ మేస్త్రి, గ్రంథి కూలీ అనుకోండి అన్నాడు. మేస్త్రి చాలు ఆపమన్నా కూలీ మొండికేసి పని చేస్తూనే ఉంటే ఉప్పు పేరుకుని బీపీ పెరుగుతుంది, పొటాషియం బయటికి పోతుంది. అలాంటి రోగమైతే కూలీ హార్మోను ఎక్కువగానూ, మేస్త్రి హార్మోను బాగా తక్కువగానూ కనిపించాలి. రోగం ఒక గ్రంథిలోనే ఉంటే ఆపరేషనుతో పోవచ్చు. ఇదివరకు ఈ పరీక్షలో ఒక ల్యాబు అంకెకి ఇంకో ల్యాబు అంకెకి పొంతన ఉండేది కాదట. ఇప్పుడు హైదరాబాదులో ఒక ల్యాబువాళ్ళు కొత్త పద్ధతిలో చేస్తున్నారు, రక్తం అక్కడికి పంపుదామన్నాడు.

మా అక్క కళ్ళు మెరిశాయి. అంతలోనే ఆయన, పరీక్షకి ముందు కొన్ని వారాలు ఇప్పుడు వాడే మాత్రలు కొన్ని ఆపాలి, లేకపోతే అంకెలు తప్పు చెప్తాయి, బదులుగా వేరేవి ఇస్తాను అన్నాడు. బావ వేళ్ళు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ మాత్రలే తనని నిలబెడుతున్నాయని ఆయన నమ్మకం. వాటిని ఆపమనడం, నీళ్ళలో ఉన్నవాణ్ణి చేతిలో కర్ర వదిలెయ్యమన్నట్టే అనిపించింది నాక్కూడా.

ఆ వారాలు ఎలా గడిచాయో చెప్పలేను. అక్క ఏ పని చేస్తున్నా చెవులు బావ మీదే. గిన్నె కింద పడినా ఉలిక్కిపడేది. సుబ్బాయమ్మక్క అయితే ఆయన పెరట్లోకి వెళ్తే వెనకే వెళ్ళి, ఏదో పని ఉన్నట్టు అరటిచెట్టు ఆకులు సర్దుతూ నిలబడేది. చివరికి రక్తం తీసే రోజు వచ్చింది. ఊళ్ళో ల్యాబు నడిపే వీరబ్రహ్మం గారు రక్తం తీసి, హైదరాబాదు బస్సులో పంపడానికి పెట్టె వెతుకుతున్నాడు. బావ అప్పటికే షెడ్డు నుంచి థర్మాకోల్ పెట్టె తెచ్చేసుకున్నాడు. ఐసు సన్నగా నలగ్గొట్టి, కింద ఒక వరస పరిచి, ట్యూబులు గుడ్డలో చుట్టి పడుకోబెట్టి, పైన మళ్ళీ పరిచి, టేపు తిప్పి తిప్పి అతికించాడు. చాలాకాలం తర్వాత ఆ రోజు చేతులు వణకకుండా పనిచేశాడు. ఇలా సర్దితే మనిషిని కూడా పంపించొచ్చని వీరబ్రహ్మం గారు మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలులో ఉన్న అపశకునం మిగతా ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది గానీ నోరు మూసుకున్నాను.

రిపోర్టు వచ్చింది. మేస్త్రి హార్మోను తగ్గలేదు సరికదా, మామూలు కంటే పైనే ఉంది. మనం అనుకున్న రోగం అయ్యే అవకాశం తక్కువేనని మణిశంకర్ గారు ఇబ్బందిగా చెప్పాడు. పాత మాత్రలే మళ్ళీ రాశాడు. జబ్బు లేదని తెలిస్తే ఎవరైనా సంతోషిస్తారు. మేం చావు కబురు విన్నట్టు ఇంటికొచ్చాం. కోసి తీసేసే రోగం కాకపోతే ఇక మిగిలింది ఆ ఇంటి మగవాళ్ళ బీపీయే కదా.

తర్వాత బావ చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. చుట్టాలిళ్ళకి తిరగడం మొదలుపెట్టాడు. పెద్దాపురంలో మేనత్త ఇంటికి, తణుకులో పినతండ్రి ఇంటికి, ఎప్పుడో మాటలు తెగిపోయిన ఒక దాయాది ఇంటికి కూడా అక్కని వెంటబెట్టుకుని వెళ్ళాడు. ప్రతి ఇంట్లోనూ భోజనం చేసి, పెద్దవాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టి, నవ్వుతూ సెలవు తీసుకున్నాడు. ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టుకొచ్చిందని వాళ్ళు మురిసిపోయారు. అక్కకి మాత్రం రెండో ఇంటి దగ్గరే అర్థమైంది. బస్సులో ఆయన పక్కన కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని, కిటికీలోంచి చేలు చూస్తూ వచ్చానని నాతో చెప్పింది.

వాళ్ళు ఇంకా ఆ తిరుగుళ్ళలో ఉండగానే నా షాపులో ఫోను మోగింది. ఇంట్లో ఫోను లేదు కాబట్టి ల్యాబు కాగితం మీద నా నంబరే ఇచ్చాం. అవతల ఆడగొంతు. తన పేరు డాక్టర్ ఉమాశ్రీ అని, హైదరాబాదు ల్యాబులో ఈ పరీక్షని బాగుచేసే పని తనదేనని చెప్పింది. గంగరాజు గారి అంకెలు తనని నిద్రపోనివ్వడం లేదంది. కూలీ హార్మోను చాలా ఎక్కువగా ఉంది, పొటాషియం తక్కువగా ఉంది, అలాంటప్పుడు మేస్త్రి హార్మోను అంత ఉండకూడదట. కిడ్నీ స్కానింగులో తేడా ఏమీ లేదని మణిశంకర్ గారు కూడా చెప్పారట. రక్తం ఎలా పంపారో కనుక్కుందామని చేశానంది.

"శుభ్రంగా ఐసులో పెట్టి పంపామండి," అన్నాను గర్వంగా. "మా బావే సర్దాడండి, ఆయన చెయ్యి పడితే ఏ సరుకూ పాడవదు."

"అయ్యో," అంది ఆవిడ. "ఐసే దాన్ని పాడుచేసిందమ్మా."

ఆవిడ ఓపిగ్గా చెప్పుకొచ్చింది. రెనిన్ కొంత మన రక్తంలో నిద్రపోతూ ఉంటుందట. రక్తాన్ని గంటల తరబడి చల్లగా ఉంచితే ఆ నిద్రపోయేది కూడా లేచి కూర్చుంటుందట. యంత్రం పాపం దాన్ని కూడా లెక్కలో కలిపేస్తుంది. ఒంట్లో తక్కువగా ఉన్నది కాగితం మీద ఎక్కువగా కనపడుతుంది. కొన్ని పరీక్షలకి ఐసు ఉండాల్సిందే గానీ దీనికి మాత్రం శత్రువు అంది. గోదావరి జిల్లాల నుంచి వచ్చే పెట్టెలన్నీ ఐసుతోనే వస్తున్నాయని, తనకి అనుమానం వచ్చి, ఒకే మనిషి రక్తం కొంత ఐసులో, కొంత బయట ఉంచి కొలిచి చూశానని చెప్పింది. ఈసారి రక్తాన్ని పంపొద్దు, మనిషినే పంపమంది.

బావ ఇంటికి రాగానే చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. ఆయన కుర్చీలో కూలబడి రెండు చేతులూ చూసుకున్నాడు. నా చేతులతో నేనే పాడుచేసుకున్నానా పాపాయ్ అని ఒకే మాట తిప్పి తిప్పి అడిగాడు. రక్తం ఐసులో పెట్టకపోతే ఎలా ఉంటుందో ఆయన బుర్రకి ఎక్కలేదు. నిజం చెప్పాలంటే మా ఎవరి బుర్రకీ ఎక్కలేదు. చల్లగా ఉంటే మంచిదని పుట్టిన దగ్గర్నుంచీ నమ్మినవాళ్ళం.

మళ్ళీ మాత్రలు ఆపాలి. ఈసారి భయం రెట్టింపు. మొదటిసారి వారాలు క్షేమంగా గడిచాయి, రెండోసారి కూడా గడుస్తాయని ఎవరు రాసిచ్చారు? అనుకున్నంతా అయింది. ఒక మధ్యాహ్నం షెడ్డులో పెట్టె మీదకి వంగినప్పుడు ముక్కులోంచి రక్తం బొటబొటా కారింది. తెల్లటి ఐసు మీద ఎర్రగా పడేసరికి చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కేకలు పెట్టారు. మణిశంకర్ గారు బీపీ చూసి మొహం మాడ్చుకున్నాడు. పరీక్షకి అడ్డురాని మాత్ర ఇంకొకటి ఇచ్చి, ఆ రోజంతా హాస్పిటల్లోనే ఉంచుకున్నాడు. బావ, నాకు ఈ పరీక్ష వద్దు, నా పాత మాత్రలు నాకు ఇచ్చెయ్యండి, ఉన్నన్ని రోజులు ఉంటాను అని డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు. అక్క కూడా ఏడుస్తూ వద్దులెండి అంది. నేనూ వద్దనే అనుకున్నాను. అప్పటిదాకా మంచం పక్కన నోరెత్తకుండా నిలబడ్డ సుబ్బాయమ్మక్క ముందుకొచ్చింది.

"మీ అన్నయ్యకి ఏ పరీక్షా చెయ్యలేదు గంగరాజూ," అంది. "నువ్వు వెళ్ళు. నీతో నేనూ వస్తాను."

ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు. బావ డాక్టరు చెయ్యి వదిలేశాడు.

బావ, అక్క, సుబ్బాయమ్మక్క, నేను రైలెక్కాం. ల్యాబులో ఉమాశ్రీ గారు నన్ను చూడగానే ఐసు గర్వం మీరేనా అని నవ్వింది. చిన్న మనిషి, కళ్ళద్దాలు, మెడలో స్టెతస్కోపు కూడా లేదు. బావని కాసేపు అటూ ఇటూ నడిపించి, కుర్చీలో కూర్చోబెట్టి రక్తం తీయించింది. తీసిన ట్యూబుని బల్ల మీద మామూలు స్టాండులో పెట్టింది. అంతే. పైన ఏమీ కప్పలేదు. బయట ఎండ మండిపోతోంది. బావ మొహం చెమటతో తడిసిపోయింది. ట్యూబు వంకే చూస్తూ, ఉండబట్టలేక, పాడైపోద్దేమోనండి అన్నాడు. దాన్ని ఇప్పుడే యంత్రంలో తిప్పి వేరుచేస్తాం, భయపడకండి అందావిడ. గంగరాజు బావ కుర్చీలోంచి లేచి, ఆ ట్యూబుని యంత్రం దాకా తీసుకెళ్ళేవరకూ దాని పక్కనే నిలబడ్డాడు. షెడ్డులో ఎవరి సరుకు దగ్గరా అంత కాపలా కాయలేదు.

తిరిగొచ్చిన కొన్నాళ్ళకి మళ్ళీ నా షాపులో ఫోను మోగింది. కత్తెర కింద పడేసి బావ కోసం పరిగెత్తాను. ఆయన వచ్చి రిసీవరు చెవికి పెట్టుకున్నాడు, నేనూ పక్కనుంచి చెవి ఆనించాను. మేస్త్రి హార్మోను అడుగంటిపోయి ఉందట. రోగం ఉందని ఆవిడ చెప్పింది.

"అంటే నేను చచ్చిపోనా అండీ?" అని అడిగాడు బావ.

"ఎప్పటికో అందరం పోతామండి. మీకు వైద్యం ఉంది."

ఫోను పెట్టేసి, సగం కుట్టిన జాకెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. రోగం ఉందని తెలిసి అంత సంతోషపడ్డవాళ్ళు భీమవరంలో ఇంకెవరైనా ఉంటారా అని నాకు అనుమానం.

ఆ తర్వాత స్కానింగులూ పరీక్షలూ అయ్యి, తేడా ఎడమ పక్క గ్రంథిలోనే ఉందని తేలింది. హైదరాబాదులోనే ఆపరేషన్ చేసి దాన్ని తీసేశారు. ఆ రోజు కూడా భయపడ్డాం గానీ అది వేరే రకం భయం, దానికి ఒక చివర ఉంది. బీపీ దిగింది. చిన్న మాత్ర ఒక్కటి మిగిలింది. ఇక మన జిల్లాల ల్యాబులకి ఉమాశ్రీ గారు పెద్ద అక్షరాలతో తెలుగులో కాగితాలు అచ్చు వేయించి పంపింది, రెనిన్ పరీక్షకి ఐసు వద్దని. వీరబ్రహ్మం గారు అది గోడకి అతికించాడు. బావ ఇప్పటికీ ఆ గోడ వైపు చూడకుండా పక్కకి తిరిగి కూర్చుంటాడు.

నలభై నిండిన రోజు అక్క పులిహోర చేసింది. అందరం తిన్నాం. వడ్డన అయ్యాక సుబ్బాయమ్మక్క కనపడలేదు. చూస్తే పెరట్లో గట్టు మీద కూర్చుంది. బావ వెళ్ళి పక్కన నిలబడ్డాడు. నేను గిన్నెలు కడుగుతున్నాను కాబట్టి మాటలన్నీ వినపడ్డాయి.

"గంగరాజూ, మీ అన్నయ్యకి కూడా ఇదేనా?" అందావిడ.

ఈ మాట బావ, డిశ్చార్జి రోజు తనని చూడ్డానికి హాస్పిటల్‌కి వచ్చిన ఉమాశ్రీ గారిని అప్పుడే అడిగాడు. నేను అక్కడే ఉన్నాను. మనిషి లేకుండా చెప్పలేం, అయి ఉండొచ్చు అంది ఆవిడ. అది విన్న దగ్గర్నుంచీ బావ అన్నం సరిగ్గా తినలేదు.

"కాదొదినా," అన్నాడు బావ. "డాక్టరుగారిని అడిగాను. అన్నయ్యది వేరేదంట. అప్పుడు ఏం చేసినా ఆగేది కాదంట."

అలాగా అంది సుబ్బాయమ్మక్క. కొంగుతో మొహం తుడుచుకుని, వెళ్ళి ఇంకాస్త పులిహోర తినమని ఆయన్ని లోపలికి పంపింది. తర్వాత నా దగ్గరికొచ్చి కడిగిన గిన్నెలు బోర్లించడం మొదలుపెట్టింది. నేను తలెత్తలేదు. ఆ అబద్ధం నా మొహంలో కనపడుతుందేమోనని భయం.

"నేనూ అడిగానే ఆ డాక్టరమ్మని, మీరందరూ బయటికెళ్ళినప్పుడు," అంది మెల్లగా.

మరి బావతో ఆ మాట అనలేదేంటక్కా అని అడిగాను.

"ఎందుకూ? చచ్చేంత భయం పడి ఇప్పుడిప్పుడే అన్నం తింటున్నాడు," అందావిడ గిన్నె అందుకుంటూ. "నేను నమ్మాననుకుని, కడుపునిండా తిననీ."